కాళ్ళ కింది జంపఖానా పైకెక్కిన తొమ్మిది నెలలు

2025 ఏప్రిల్ 19, శనివారం మధ్యాహ్నం రెండున్నరకు చర్చి కప్పు నుంచి చివరి జంపఖానాను కిందికి దించాం. మరునాడే ఈస్టర్. తెల్లవారుజామునే ఆరాధన కాబట్టి, చీకటి పడేలోపు చర్చి మళ్ళీ ఎప్పటిలా ఉండాలని సంఘ పెద్దలు ముందే మాట తీసుకున్నారు. అనుమతి అడుగుతూ నేను మొదటి ఉత్తరం ఇచ్చింది 2024 జూలై 14న. అంటే తొమ్మిది నెలలు దాటింది. అందులో జంపఖానాలు పైన ఉన్నది నలభై ఆరు రోజులే. మిగతాదంతా అడగడం, ఆగడం, మళ్ళీ అడగడం.

నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకుని ఇప్పుడు ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న పిల్లలు అడుగుతున్నారు, పాత చర్చిలో ఇన్‌స్టలేషన్ పెట్టడానికి వాళ్ళను ఎట్లా ఒప్పించారు, ఎంత ఖర్చయింది అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ కేథడ్రల్ మా ఉత్తర తెలంగాణలోదే. పేరు మాత్రం రాయను. సంఘ పెద్దలు వద్దన్నారు, వాళ్ళ మాట కాదనలేను.

మాది వరంగల్ కొత్తవాడ. మా తాత, మా బాపు మగ్గం మీద జంపఖానాలు నేసి బతికినవాళ్ళు. నేను హనుమకొండలో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. మేం క్రైస్తవులం కాదు. ఆ కేథడ్రల్‌లోకి మొదటిసారి వెళ్ళింది మా స్కూల్ టీచర్ పెళ్ళికి. వెనక సగం బెంచీలు, ముందు సగమంతా నేల మీద పరిచిన జంపఖానాలు. పెళ్ళి చూడకుండా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో దాంట్లో పక్కపక్కనే రెండు చోట్ల నూలు అరిగి, పోగులు పలచబడి ఉన్నాయి. మోకాళ్ళు ఆనే చోటు. కొన్నింటికి అక్కడ చిల్లులే పడ్డాయి. నేసింది మా వాడవాళ్ళు, అరగదీసింది వీళ్ళ ప్రార్థన. ఆ రెండు పనులూ ఒకే బట్టలో కనిపిస్తున్నాయి. వాటిని పైకెత్తి వెలుతురుకు పట్టి చూపించాలని అప్పుడే అనిపించింది.

జూలై 14 ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టర్ అయ్యగారికి ఉత్తరం ఇచ్చాను. ఇంగ్లిష్‌లో టైప్ చేసిన రెండు పేజీలు. ఆయన మర్యాదగా తీసుకుని, "కమిటీ ముందు పెడతానమ్మా" అన్నారు. ముప్పై ఏడు రోజులు ఏ కబురూ లేదు. ఫోన్ చేయాలా వద్దా అని రోజూ టెన్షన్. ఆగస్టు 20న వెళ్ళి అడిగితే అసలు సంగతి తెలిసింది. కమిటీలో సగం మందికి ఆ ఉత్తరం అర్థం కాలేదు. తెలుగులో రాసి, బొమ్మ గీసి, అయిదు కాపీలు ఇమ్మన్నారు. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే నెల కలిసొచ్చేది.

తెలుగులో రాయడానికి కూర్చుంటే నాకే తెలియని చిక్కు బయటపడింది. 'ఇన్‌స్టలేషన్' అన్న మాటకు ఏం రాయాలి? చివరికి ఇలా రాశాను: "ఇది గోడకు తగిలించే బొమ్మ కాదు. ఈ మందిరంలో ఉన్న వస్తువునే, ఈ మందిరంలోనే, కొన్నాళ్ళు వేరే చోట పెట్టి చూడటం." ఆ రెండు వాక్యాలకు నాకు మూడు రోజులు పట్టింది.

ఈలోగా పాత చర్చిలు రెండు చూసి రావాలనుకున్నాను. మొదట డోర్నకల్. టికెట్ కొన్నాక సెప్టెంబరు 1 వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. రెండు వారాలు ఆగి 14న వెళ్ళాను. భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య కట్టించిన కేథడ్రల్ అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. స్తంభాలు చూస్తే గుడి మండపంలో ఉన్నట్టుంటుంది, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది. తొంభై ఏళ్ళ కింద ఈ నేల మీది రాతిపనిని చర్చిలోకి రానిచ్చిన మనిషి ఒకరు ఉన్నారంటే నాకు ధైర్యం వచ్చింది. కమిటీ ముందు నేను చూపిన మొదటి ఫోటో అదే.

అక్టోబరు 20న కమిటీ పిలిచింది. పదకొండు మంది. ఇంకెక్కడైనా ఇలా చేశారా అని అడుగుతారని తెలుసు కాబట్టి ఫోటోలు పట్టుకెళ్ళాను. జర్మనీలో కొలోన్ కేథడ్రల్ కిటికీకి 2007లో చిత్రకారుడు గెర్హార్డ్ రిచ్టర్ పెట్టిన అద్దాలు, డెబ్భై రెండు రంగుల్లో పదకొండు వేలకు పైగా చిన్న చదరాలు. లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో 2014లో వీడియో కళాకారుడు బిల్ వయోలా పెట్టిన నాలుగు వీడియో తెరలు, మన్ను, గాలి, నిప్పు, నీరు మధ్య నలుగురు హతసాక్షులు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళు. లివర్‌పూల్ కేథడ్రల్‌లో 2021లో కప్పు నుంచి వేలాడిన వేలాది కాగితపు పావురాలు, జనం రాసిన మాటలతో. తిట్లు తిన్నవాటి సంగతి కూడా దాచలేదు. కొలోన్ కిటికీ అక్కడి ఆర్చిబిషప్‌కే నచ్చలేదు, ఇది మసీదుకు బాగుంటుందన్నారు. ఇంగ్లండ్‌లో నారిచ్ కేథడ్రల్ మధ్యలో 2019లో యాభై అయిదు అడుగుల జారుడుబండ పెడితే చాలామందికి కోపం వచ్చింది. మంచివి మాత్రమే చూపించి, రేపు ఇంకొకరి నోట ఇవి తెలిస్తే నన్నెవరు నమ్ముతారు?

అసలు అభ్యంతరం నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "కాళ్ళతో తొక్కిన బట్ట తీసుకపోయి మా నెత్తి మీద కడతవా?" అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా ఇంట్లో కూడా కాలికింద వేసేది తలకింద పెట్టరు.

అప్పుడు చర్చి ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రి తరఫున వచ్చిన ఒక పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే అన్నది: "కాళ్ళు పెట్టేది బయట, అయ్యా. లోపల చెప్పులిడిసి మోకాళ్ళేస్తం. ఒకవేళ కాళ్ళే అనుకో, ప్రభువు శిష్యుల కాళ్ళే కడిగిండు గదా." ఆ మాటతో ఒప్పుకోలేదు గాని, కాదనడం ఆగింది. ఇంజినీరు ఉత్తరం తెమ్మన్నారు. పైనుంచి పడితే బాధ్యత ఎవరిదో రాసివ్వమన్నారు. ఇంకో షరతు, మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు.

నవంబరు 9న మెదక్ వెళ్ళాను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన కేథడ్రల్, అప్పుడు నూరేళ్ళ పండుగకు రంగులు వేస్తున్నారు. కరువు రోజుల్లో మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొర పనికి తిండి పెట్టి కట్టించిన సంగతి అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. నేను వెళ్ళింది అద్దాల కోసం. పుట్టుక, సిలువ, ఆరోహణం, మూడు పెద్ద కిటికీలు. పగటి వెలుతురు బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, చీకటి పడితే నల్లటి గాజే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఒక చోటే కూర్చుని, ఏ గంటకు ఏ కిటికీ వెలుగుతుందో రాసుకున్నాను. నేను పని చేయబోయే చర్చిలో రంగు అద్దాలు లేవు. తెల్ల గాజు కిటికీలు, పడమట గోడ పైన ఒక గుండ్రటి కిటికీ, అంతే. కానీ వెలుతురు ఎటు నుంచి ఎటు నడుస్తుందో రాసుకోవడం మాత్రం మెదక్‌లోనే నేర్చుకున్నాను.

ఇంజినీరు నాకు చేసిన మేలు చెప్పాలి. కప్పు దూలాలకు పాతకాలపు ఇనుప కొక్కేలు ఇరవై ఆరు ఉన్నాయి, గ్యాస్ లైట్లు తగిలించినవి. ఈ చివర కొక్కెం నుంచి ఆ చివర కొక్కేనికి స్టీలు తీగ అడ్డంగా బిగించి, దాని మీద జంపఖానాలు ఆరేయాలన్నది నా ఆలోచన. ఆయన కాగితం మీద గీసి చూపించారు. అడ్డంగా బిగించిన తీగకు అయిదు కిలోలు వేలాడదీస్తే కొక్కేల మీద పడేది అయిదు కిలోలు కాదు. తీగ ఎంత బిగుతుగా ఉంటే పక్కకు లాగే బలం అన్ని రెట్లు పెరుగుతుంది, ముప్పై కిలోలైనా కావచ్చు. పాత కట్టె దానికి ఓర్వదు. "నిలువుగా దించు. ఒక కొక్కేనికి ఒక్కటే" అన్నారు. ఒక్కో కొక్కేనికి ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా కట్టి ఇరవై నాలుగు గంటలు ఉంచి చూశాం. రెండు కొక్కేల దగ్గర కట్టె పుచ్చిపోయి ఉంది, అవి వదిలేశాం. మిగిలినవి ఇరవై నాలుగు. పరిశీలనకూ ఉత్తరానికీ రూ. 7,500 అయింది. ఈ మొత్తం ఖర్చులో నేను ఒక్క క్షణం కూడా బాధపడని డబ్బు అదే.

డిసెంబరులో ఎవరినీ అడగకూడదని నాకు తెలియదు. సెమీ క్రిస్మస్, క్యారల్స్, నూతన సంవత్సరం, వాళ్ళకు ఊపిరాడదు. రెండుసార్లు వెళ్ళి గేటు నుంచే తిరిగొచ్చాను. 2025 జనవరి 12న అనుమతి చేతికొచ్చింది. మార్చి 5, భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా. ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ ఉపవాస దినాలను శ్రమకాలం అంటారు, అప్పుడు పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి ఆ రోజులిచ్చారు. షరతులు రెండు: సిలువకు ఏదీ అడ్డు రాకూడదు, ఆల్టర్ (బలిపీఠం) మెట్లు దాటకూడదు.

ఇక జంపఖానాలు. చర్చివి ఎనిమిదే వాడుకోమన్నారు, మిగతావి ఇళ్ళ నుంచి అడిగి తెచ్చుకోమన్నారు. గంట కొట్టే తాత నన్ను వెంటబెట్టుకుని పన్నెండు రోజులు వీధి వీధి తిప్పాడు. మొత్తం నలభై మూడు వచ్చాయి. పెళ్ళికి నేయించినవి, అంచున పేరు నేసినవి, పిల్లల తొట్టెలో పరిచినవి, పోయినవాళ్ళను చివరిసారి పడుకోబెట్టినవి. ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒకసారి దులిపి, మడతలు సరిచేసి ఇచ్చారు.

మొదట నా ప్లాన్ వాటిని విప్పడం. పేక, అంటే అడ్డపోగులు విప్పి, పోగులుగా చేసి, వాన ధారల్లా కప్పు నుంచి దించాలని. ఆ పెద్దమ్మకు చెప్తే ఆమె ముఖం మారిపోయింది. "ఇప్పుతవా బిడ్డా? మల్ల ఎవరు నేస్తరు?" అంతే అన్నది. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. బాపు మగ్గం మానేసి పదిహేనేళ్ళు. ఒక జంపఖానా తీసుకుని దీపం ముందు పట్టాడు. అరిగిన చోట పేక పోయి నిలువు పోగులు మాత్రం మిగిలాయి, వాటి సందుల్లోంచి వెలుతురు వచ్చింది. "ఇంకా ఏం ఇప్పుతవ్? వాళ్లే ఇప్పిన్రు గదా" అన్నాడు. నా పని మొత్తం ఆ రాత్రి మారింది. దేన్నీ విప్పలేదు, కోయలేదు. ఉన్నది ఉన్నట్టు వేలాడదీస్తే చాలు.

నిప్పు భయం గురించి ఎవరూ అడగలేదు గాని నాకే ఉంది. అరవై, డెబ్భై కిలోల పాత నూలు, కింద కొవ్వొత్తులు. పది లీటర్ల నీళ్ళకు 700 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ ఆసిడ్ కలిపి, ఉతికిన జంపఖానాలను అందులో ముంచి నీడన ఆరబెట్టాం. ఒక పాత ముక్కకు అగ్గిపుల్ల అంటించి చూస్తే నల్లబడి ఆగిపోయింది, మంట లేవలేదు. ఒక్క ఇబ్బంది ఉంది. ఆరాక తెల్లటి పొడి రాలుతుంది. మొదటి ఆదివారం క్వయర్‌లో పాడేవాళ్ళ నల్ల గౌన్ల భుజాలు తెల్లబడ్డాయి. కట్టేముందే గట్టిగా దులపాలి.

పరంజా మార్చి 1 శనివారం పొద్దున కట్టించాను. సాయంత్రం అయ్యగారు వచ్చి, "రేపు ఆరాధన కదమ్మా" అన్నారు. అంత పెద్ద విషయం నేనెట్లా మర్చిపోయానో ఇప్పటికీ తెలియదు. రాత్రి పదింటి దాకా విప్పి పక్కకు పెట్టించి, ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ కట్టించాను. అద్దె, కూలి కలిపి రూ. 15,300 అయింది, అందులో మూడో వంతు ఆ ఒక్క తప్పుదే. బాపు మగ్గం పనిలో వాడినట్టే ప్రతి జంపఖానా తలకూ వెదురు బద్ద దూర్చి కుట్టాడు, బట్ట ముడత పడకుండా సూటిగా దిగింది. మంగళవారం రాత్రి పదకొండున్నరకు ఇరవై నాలుగూ పైకెక్కాయి. బాపు చర్చి లోపల అడుగుపెట్టడం అదే మొదలు. చెప్పులు బయట విడిచి, ఆల్టర్ వైపు ఒకసారి చేతులు జోడించి, పని మొదలుపెట్టాడు.

మార్చి 9 గురించి రాయకుండా వదిలేయాలనిపిస్తుంది గాని రాయాలి. స్టీలు క్లాంపులు రెండు తక్కువపడితే, పొద్దుపోయిందని ఒక జంపఖానాకు నైలాన్ తాడు ముడివేశాను. తరువాత మారుద్దామనుకుని మార్చలేదు. ఎండకు, ఫ్యాను గాలికి ఆ ముడి జారింది. ఆదివారం రెండో పాట మధ్యలో ఒక కొస ఊడి, జంపఖానా వాలి, నాలుగో వరుస మీదుగా ఊగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక చిన్న పాప గట్టిగా ఏడ్చింది. పాట ఆగింది. నేను వెనక బెంచీలో ఉన్నాను, కాళ్ళు లేవలేదు. గంట తాత వెళ్ళి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఆరాధన అయిపోయేదాకా అట్లాగే పట్టుకుని.

సాయంత్రం కమిటీ కూర్చుంది. తప్పు నాదేనని, ఏ ముడి, ఎందుకు వేశానో అంతా చెప్పాను. అన్నీ దించేయమన్నవాళ్ళు నలుగురు. ఆ జారింది పెద్దమ్మ ఇంటిదే. ఆమె నా వైపు మాట్లాడుతుందని ఆశపడ్డాను, ఆమె ఏమీ అనలేదు. చివరికి అయ్యగారు, ఇంజినీరు మళ్ళీ వచ్చి ప్రతి ముడీ చూసి సంతకం పెడితే ఉండనిద్దామన్నారు. 11న చూశారు. ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

తరువాత నేను రోజూ స్కూలయ్యాక వెళ్ళేదాన్ని. నాలుగున్నరకు గుండ్రటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి జంపఖానాల వెనక పడేది. అరిగిన చోట్ల గుండా జారి నేల మీద జంటలు జంటలుగా వెలుతురు మచ్చలు. మోకాళ్ళు పెట్టుకునే చోటే వెలుతురు మోకాళ్ళేసినట్టు. గంటసేపు మెల్లగా జరిగి గోడెక్కి పోయేవి. దీన్ని నేను అనుకుని చేయలేదు. కాగితం మీద గీసుకున్నదంతా పైకి చూడటం గురించే. జనం మాత్రం కిందే చూశారు. ఒక తాత రోజూ వచ్చి తన భార్య జంపఖానా కింద, ఆ రెండు మచ్చల పక్కన, కూర్చుని వెళ్ళేవాడు. మట్టల ఆదివారం నాడు పిల్లలు ఎత్తి పట్టిన మట్టల కొసలు జంపఖానాల అంచులను తాకాయి. ఆ చప్పుడు, ఎండుటాకు నూలుకు రాసుకునే చప్పుడు, ఇప్పటికీ చెవిలో ఉంది. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో మొత్తం చర్చి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను కూడా మోకాళ్ళేశాను. ఎవరూ చెప్పలేదు, నిలబడి ఉండలేకపోయాను.

అక్టోబరులో అభ్యంతరం చెప్పిన పెద్దాయన చివరిదాకా ఒప్పుకోలేదు. మెచ్చుకోలుగా ఒక్క మాట అనలేదు. కానీ ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు తలెత్తి ముడులన్నీ ఒకసారి లెక్క చూసుకునేవారు.

ఖర్చు మొత్తం రూ. 53,400. నేను వేసుకున్న లెక్క ముప్పై వేలు. స్టీలు తీగ, క్లాంపులకు రూ. 9,200, ఉతికించడానికి రూ. 4,600, మిగతాది ఇంజినీరు, పరంజా, కూలీలు, ఆటో ట్రాలీ, నిప్పంటకుండా వాడిన మందులు, తిరుగుళ్ళు. సంఘం రూ. 10,000 ఇచ్చింది, నేను అడగలేదు. కట్టడానికి మూడు రోజులు పట్టింది, దించడానికి అయిదు గంటలు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది పైకెక్కని పందొమ్మిది జంపఖానాలు. కొక్కేలు ఎన్ని ఉన్నాయో చూసుకోకుండా ఇచ్చినవారందరి దగ్గరా తీసుకున్నాను. భస్మ బుధవారం నాడు ఒకామె ఈ చివర నుంచి ఆ చివరకు వెతుక్కుని, "మాది లేదా అమ్మా?" అన్నది. మడత పెట్టి వెస్ట్రీలో, అంటే చర్చి పక్క గదిలో, ఉందని చెప్పడానికి నోరు రాలేదు. ముందు లెక్క, తరువాత అడగడం. ఇంకెవరైనా ఇలాంటి పని చేస్తే ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఈస్టర్ సాయంత్రం నుంచి తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాం, నేనూ బాపూ. పెద్దమ్మ ఇంటికి చివర వెళ్ళాం. మార్చి 9 తరువాత ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. జంపఖానా చేతిలో పెట్టి, "మందు ఉంది పెద్దమ్మా, రెండు నీళ్ళు పెట్టి ఉతకాలి" అన్నాను. ఆమె వినిపించుకోనట్టే అక్కడే వసారాలో పరిచింది. "రేపు ఉతుకుత గని, కూసోండ్రి, చాయ్ పెడ్త" అని లోపలికి పోయింది. బాపు కూర్చుని, అరిగిన చోట వేలు పెట్టి, పాత అలవాటు కొద్దీ పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చాయ్ వచ్చేసరికి ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు.